చెంచమ్మ చప్టా

మా అత్త చెంచమ్మ నోరు మంచిది కాదు. కోడలిని కాబట్టి ఇలా అంటున్నానని మీరనుకుంటే మా పాలెంలో ఎవరినైనా అడగండి. నెల్లూరు చేపల మార్కెట్టులో అడిగినా ఇదే మాట చెబుతారు. దాంతోపాటు ఇంకో మాట కూడా చెబుతారు, చెంచమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళలో ఇసుక రేణువు ఉండదని. రెండూ నిజమే. మొదటిది రోజూ పడుతున్నాను, రెండోదాని పుణ్యమా అని రోజూ అన్నం తింటున్నాను.

మాది మైపాడు దాటి ఆటోలో ఇంకొంత దూరం పోతే వచ్చే పట్టపుపాలెం. మగవాళ్ళు వేటకు పోతారు. వాళ్ళు తెచ్చిన చేపను ఆడవాళ్ళు అమ్ముతారు. అమ్ముడుపోని సన్నచేపను, ముఖ్యంగా నెత్తళ్ళను, ఎండబెడతారు. అందుకోసం ఊరికి దక్షిణాన ఒక దిబ్బ ఉండేది. అది ఇసుకే గాని, ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు తొక్కీ ఊడ్చీ గట్టిపడిపోయింది. చుట్టుపక్కల ఇంకా మంచు తడి ఉండగానే దాని మీద ఆరిపోయేది. ప్రతి ఇంటికీ అక్కడ ఒక చోటు ఉండేది. హద్దురాళ్ళు లేవు, కాగితాలు లేవు. అత్త చోటు కోడలికి వస్తుంది, అంతే. పెళ్ళయి నేను కాపురానికొచ్చిన మర్నాడు మా అత్త నన్ను పొయ్యి దగ్గరికి కాదు, దిబ్బ మీదికి తీసుకుపోయింది. పాత వల పరిచి, దాని మీద నెత్తళ్ళు చేప మీద చేప పడకుండా ఎలా చల్లాలో చూపించింది. నీ ఇల్లు ఇదేననీ, ఆ ఇల్లు పడుకోవడానికి మాత్రమేననీ చెప్పింది. ఏం మనిషిరా దేవుడా అనుకున్నాను.

ఆ తర్వాత మా సముద్రంలో గ్యాసు పడింది. మొదట పెద్ద ఓడలొచ్చి అడుగున ఏదో వెతికాయి. ఆ రోజుల్లో మా పడవల్ని అటువైపు పోనివ్వలేదు. తర్వాత చాలా లోపల ఇనప కాళ్ళ మీద ఒక కట్టడం లేచింది. అక్కడ తీసిన గ్యాసు పైపులో ఒడ్డుకు రావాలి, ఒడ్డున ప్లాంటు కట్టాలి. ఎత్తుగా గట్టిగా ఉన్న చోటు కావాలని కంపెనీవాళ్ళు తీరమంతా తిరిగి తిరిగి, చివరికి మా దిబ్బ దగ్గర ఆగారు. మా అత్తకు కోపం కంటే ముందు గర్వం వచ్చింది. అంత చదువుకున్నవాళ్ళు కూడా మన దిబ్బనే మెచ్చారు చూడమంది. కోపం సాయంత్రానికి వచ్చింది.

కంపెనీ వల్ల మాకు మంచి జరగలేదని నేననను. పడవలున్న ఇళ్ళకు నష్టపరిహారం వచ్చింది, మాకూ వచ్చింది. మా ఆయన సుకుమార్‌కు కాపలా పడవ మీద ఉద్యోగం దొరికింది. సముద్రంలో ఆ కట్టడం దగ్గరికి వేరే పడవలు రాకుండా చూడటం ఆ పని. వచ్చేవన్నీ మా పాలెం పడవలే కాబట్టి, రోజంతా మేనమామల్నీ బావమరదుల్నీ పక్కకు పొమ్మని చెయ్యి ఊపి ఇంటికొచ్చేవాడు. మొదట్లో నామోషీగా ఉండేది, తర్వాత జీతం అలవాటైంది. పైపులేసే పనికి ఒరిస్సా నుంచి కూలీలొచ్చారు. వాళ్ళకు గదులు అద్దెకిచ్చి, పాలెంలో సగం ఇళ్ళు పైన ఇంకో అంతస్తు లేపాయి. బిర్యానీ కొట్టొచ్చింది. దాని పక్కనే బ్రాందీ కొట్టూ వచ్చింది, దాని సంగతి ఇంకోసారి తిట్టుకుందాం. పైగా ఆ ఒరిస్సా అబ్బాయిలకు ఎండుచేపంటే ప్రాణం. భాష రాకపోయినా మా అత్త దగ్గరికొచ్చి నెత్తళ్ళు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి నవ్వేవాళ్ళు. ఆమె తెలుగులోనే తిట్టి, కొసరు వేసి పంపేది.

కానీ దిబ్బ పోయింది. పడవలకు లెక్క ఉంది, వలలకు లెక్క ఉంది. దిబ్బకు పట్టా లేదు కాబట్టి దానికి ఏ లెక్కా లేదు. మా పాలేల్లో ఊరి పెద్దల్ని కాపులంటారు. పెద్దకాపు చిన్నపోలయ్య మామ. ఆడవాళ్ళంతా పోయి అడిగితే ఆయన, ఇసుక గవర్నమెంటుది, ఎండ దేవుడిది, మీకు పోయిందేముందని అడిగాడు. ఎండ దేవుడిదే గాని దిబ్బ తనదని మా అత్త అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

కంపెనీలో ఊరి వ్యవహారాలు చూసే ఆఫీసరు ఒకమ్మాయి, ఆనందకుమారి. నెల్లూరు పిల్ల, మిషన్ స్కూల్లో చదువుకుంది, మెత్తగా మాట్లాడుతుంది. మా అత్త ఆమె దగ్గరికి పోయి, దిబ్బ తీసుకున్నారు, పోనీండి, చేప ఎండబెట్టుకోను ఇంకో చోటు చూపించమని అడిగింది. ఆ పిల్ల శ్రద్ధగా విని, "పైవాళ్ళను అడిగి చెప్తా పెద్దమ్మా" అంది. మళ్ళీ పోతే మళ్ళీ అదే మాట. ఆమె గొంతులో ఎగతాళి లేదు కాబట్టి మా అత్త నమ్మింది. ఆ పైవాళ్ళెవరో, ఎంత పైన ఉంటారో మాకు తెలియదు.

ఈలోగా మా అవస్థ చూడాలి. మేడ మీద ఎండబెడితే కాకులు, పిల్లులు. ఒడ్డున పరిస్తే కిందినుంచి చెమ్మ. తారురోడ్డు మీద పోస్తే పైపుల లారీలు లేపే దుమ్ము. కొంతమంది ఆడవాళ్ళు విసిగిపోయి గంపలు అటకెక్కించి, కంపెనీ క్యాంపులో ఊడ్చే పనికి చేరారు. మా అత్త మానలేదు. రోడ్డు పక్కన వల పరిచి, కర్ర పట్టుకుని కూర్చుని, వచ్చే ప్రతి లారీనీ తిట్టేది.

ఒకరోజు గంపలెత్తుకుని ఇద్దరం నెల్లూరు పోయాం. మస్తానయ్యని, ఎండుచేపల వ్యాపారి, మా అత్త సరుకు ఎప్పుడూ గంప దించకముందే కొనేవాడు. ఆ రోజు అలవాటుగా ఒక చేప నోట్లో వేసుకుని కొరికాడు. కొరకడం ఆపాడు. పక్కకు తిరిగి ఉమ్మేసి, నీళ్ళు పుక్కిలించాడు. ఒక్క మాటా అనలేదు. ఏమన్నా అని ఉంటే బాగుండేది, ఆమె నాలుగు తిట్టి ఇంటికొచ్చేది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో గంపకు టికెట్టు అడిగిన కండక్టరుతో కూడా గొడవ పెట్టుకోలేదు. నాకు భయం వేసింది. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక నా వైపు చూడకుండా అంది.

"మా అత్త నాకు చోటిచ్చిపోయింది. నేను నీకేమిచ్చి పొయ్యేది కామాక్షీ?"

నాకు ఏడుపొచ్చింది. దిబ్బంటే పనిచేసే చోటని మాత్రమే అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా.

ఎండలు ముదరబోయే రోజుల్లో, ప్లాంటు గోడ బయట, సముద్రం వైపు ఒక చప్టా తయారైంది. ఎంత చప్టా అనుకున్నారు! మా పాలెం మొత్తం కూర్చుని భోంచేయొచ్చు. నున్నటి సిమెంటు, నీళ్ళు నిలవకుండా వాలు, చుట్టూ చెట్టూ గోడా ఏమీ లేవు, నాలుగు వైపులా గాలి. మధ్యలో తెల్లరంగుతో పెద్ద సున్నా, అందులో నిచ్చెనలాంటి అక్షరం. మా అత్త దూరం నుంచి చూసి గంప దించింది. దగ్గరికి పోయి సిమెంటు మీద అరచెయ్యి ఆనించి చూసింది. వేడి బాగా పట్టిందంది.

కాపలా గదిలో బెన్హర్ ఉన్నాడు. పక్క పేట అబ్బాయి, వాళ్ళమ్మా ఒకప్పుడు మా దిబ్బ మీదే చేప ఎండబెట్టేది. ఇదెందుకు కట్టారని అడిగితే తనకూ చెప్పలేదన్నాడు. రోజూ కడిగించమన్నారనీ, కుక్కల్ని మాత్రం రానివ్వొద్దని గట్టిగా చెప్పారనీ అన్నాడు.

"కుక్కలు రాకూడదంటనే! చేపలకు గాకపోతే ఇంకెందుకే?" అంది మా అత్త.

ఇంకా అనుమానం ఉంటే తీరిపోయేలా, చప్టా పక్కన ఒక స్తంభానికి గుడ్డ సంచి కట్టి ఉంది. గాలికి ఉబ్బి ఎటు వీస్తే అటు తిరుగుతోంది. గాలి ఎటు తిరిగిందో చూడకుండా చేప చల్లకూడదు, అది మాకు దిబ్బ నేర్పిన మొదటి పాఠం. ఆ సంచిని చూసి మా అత్త కళ్ళు చెమ్మగిల్లాయి. పాపం, ఆనందకుమారి పైవాళ్ళకు అన్నీ విడమరిచి చెప్పిందనీ, ఆ పిల్ల చల్లగుండాలనీ దీవించింది. ఆ పిల్లనే అడుగుదామంటే, తడలో చెల్లెలి పెళ్ళని సెలవు మీద పోయింది. నేను తొమ్మిది దాకా చదివాను. ఆ అక్షరం హెచ్ అని చెప్పాను. హెచ్ అంటే ఏమిటని అందరూ నన్నే చూశారు. ఏమో, కంపెనీ పేరేమో అన్నాను. నా చదువు అంతవరకే.

మర్నాడు పొద్దున్నే దిబ్బ ఆడవాళ్ళంతా వచ్చారు. ఊడ్చే పనికి చేరినవాళ్ళు కూడా అటకమీది గంపలు దించుకుని వచ్చారు. మా అత్త చప్టా అంచున పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మను తలుచుకుని కొబ్బరికాయ కొట్టింది. తెల్లగీతల ప్రకారం ఇంటికొక చోటు పంచుకున్నాం. నిచ్చెన నడిమి మెట్టు మాకు వచ్చింది. గోడ లోపలి కంపెనీవాళ్ళెవరూ ఇటు తొంగి చూడలేదు, బెన్హర్ కాదనలేదు. ఆ కొద్ది రోజులు మా అత్త నోటి వెంట మంచి మాటలే వచ్చాయి. కంపెనీని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేది కాదు. మస్తానయ్య కొరికి, నమిలి, ఇంకోటి నోట్లో వేసుకున్నాడు. ఆ రోజు కండక్టరుకు తిట్లు రెండింతలు పడ్డాయి.

ఇక ఆ రోజు సంగతి. ప్లాంటు గేటు దగ్గర షామియానా వేశారు. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని చిన్నపోలయ్య మామ కొత్త పంచె కట్టుకుని, పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు కారులో వస్తాడని మేమనుకున్నాం. మాకూ దానికీ సంబంధం లేదని నెత్తళ్ళు తిరగేసుకుంటున్నాం. అంతలో ఆకాశంలో శబ్దం. హెలికాప్టర్లు మాకు కొత్త కాదు, శ్రీహరికోట వైపు పోతుంటాయి. ఇది పోలేదు. మా నెత్తి మీదికొచ్చి ఆగింది. ఆగి, కిందికి దిగడం మొదలుపెట్టింది.

అందరం పరిగెత్తాం. మా అత్త పరిగెత్తలేదు. నిచ్చెన నడిమి మెట్టు మీద నిలబడి, కొంగు బిగించి, తాటాకు చీపురెత్తి హెలికాప్టర్ను కాకిని అదిలించినట్టు అదిలించింది. ఆ గాలికి మొదట ఆమె కొప్పు ఊడింది. తర్వాత నెత్తళ్ళు లేచాయి. పాలెం మొత్తం నెత్తళ్ళు ఒక్కసారి పైకి లేచి, గిర్రున తిరిగి, షామియానా మీద, దండ మీద, కొత్త పంచె మీద కురిశాయి. నేను వెనక్కి పోయి మా అత్త నడుం పట్టుకుని ఇవతలికి ఈడ్చాను. ఆమె చీపురు వదల్లేదు. హెలికాప్టరు దిగకుండా వచ్చిన దారినే పోయింది. అప్పుడు నాకు భయం పోయి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను, ఎందుకంటే మా అత్త నేల మీద కూర్చుని, చెదిరిన నెత్తళ్ళు ఒక్కొక్కటీ ఏరుకుంటోంది. ఆమెకు అప్పుడే అర్థమైంది, ఆ చప్టా మా కోసం కట్టింది కాదని.

సాయంత్రం వలలు కుట్టే షెడ్డులో పంచాయితీ. కంపెనీ మేనేజరు కోపంతో ఊగిపోతున్నాడు. మనుషులు చచ్చిపోయేవాళ్ళనీ, పోలీసు కేసు పెడతామనీ, బెన్హర్‌నీ సుకుమార్‌నీ తీసేస్తామనీ అన్నాడు. మనుషులు చచ్చేవాళ్ళన్న మాట నిజమే, దానికి మేం తలొంచుకున్నాం. చిన్నపోలయ్య మామ, ఊరి పరువు తీసిందెవరో ముందుకు రమ్మన్నాడు. మా అత్త లేచింది. ఆమె పక్కన నేను లేచాను. తర్వాత ఒక్కొక్కరే దిబ్బ ఆడవాళ్ళంతా లేచారు. అందరికంటే చివర లేచింది చిన్నపోలయ్య మామ భార్య. ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

"నాదీ ఉండాది. నిన్న లొట్టలేసుకుంటా తిన్న పులుసు ఆ చప్టా మీది నెత్తళ్ళదే" అంది ఆమె.

షెడ్డులో నవ్వు ఆపుకోవడం అందరికీ కష్టమైంది. మేనేజరుకు తెలుగు వచ్చు గాని నవ్వు రాలేదు. అసలు అడగకుండా అక్కడికెలా పోయారని గద్దించాడు. అప్పుడు వెనకనుంచి ఆనందకుమారి ముందుకొచ్చింది. కబురు తెలిసి తడ నుంచి పెళ్ళి చీరలోనే వచ్చేసింది. వాళ్ళు అడిగారనీ, తిరిగి తిరిగి అడిగారనీ, అడిగిన ప్రతిసారీ తాను పైకి రాశాననీ చెప్పింది.

"కాదని ఒక్కరన్నా చెప్పి ఉంటే వాళ్ళు ఇంకో దారి చూసుకునేవాళ్ళు సార్. మనం జవాబు చెప్పలేదు. చప్టా కట్టినాం. వాళ్ళు అదే జవాబనుకున్నారు."

మేనేజరు గొంతు తగ్గించి, ఈ ఏడాది పాలేనికి అనుకున్న డబ్బు స్వాగత తోరణానికి పోయిందనీ, ఇంకో కట్టడానికి లేదనీ అన్నాడు. ఇంకా పని మొదలుపెట్టని ఆ తోరణం చిన్నపోలయ్య మామ ముచ్చట. ఊరి మొదట్లో సిమెంటు కమాను, దాని మీద కాపులందరి పేర్లు, పైన ఆయన పేరు. రంగు కూడా ఆయనే ఎంచుకున్నాడు. అందరం ఆయన వైపు చూశాం. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఇంకా కూర్చోలేదు. తోరణం వద్దు, ఆ సిమెంటుతో ఆడవాళ్ళకు చప్టా కట్టించండని చెప్పి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయన్ని నేను గౌరవించడం ఆ రోజు మొదలుపెట్టాను.

కేసూ లేదు, ఉద్యోగాలూ పోలేదు. అందరూ లేవబోతుంటే మా అత్త కదల్లేదు. తనకు ఇంకోటి కావాలంది. దురాయి కావాలంది.

దురాయి అంటే మా పాలేల్లో కాపులు ఊరంతా చాటించే కట్టడి. ఫలానా వల వేయకూడదనో, ఫలానా రోజు వేటకు పోకూడదనో వేస్తారు. దాటినవాడు ఎవడైనా సరే గంగమ్మకు తప్పు చెల్లించాలి. అదంతా సముద్రానికీ మగవాళ్ళకూ సంబంధించిన వ్యవహారం. ఆడవాళ్ళు దురాయి అడగడం అంతకుముందు ఎవరూ వినలేదు.

"సిమెంటు ఈ పొద్దు కడతారు, రేపు ఇంకేదో కావాలంటారు," అంది మా అత్త. "దిబ్బ పోయినప్పుడు మాట లేకపాయె. ఈసారి మాట కావాల పోలయ్యా. ఆడోళ్ళను అడక్కుండా దానిమీద ఎవురూ కాలు పెట్టకూడదు. నా కోడలికి నేనిచ్చి పొయ్యేది అదొకటే."

చిన్నపోలయ్య మామ మిగతా కాపుల వైపు చూశాడు, నేల వైపు చూశాడు. చివరికి వేస్తున్నానన్నాడు.

వేట నిషేధం రోజుల్లో చప్టా కట్టారు. హెలికాప్టర్ దిగే చోటికి దూరంగా, ఊరికి ఉత్తరాన. గుండ్రంగా లేదు, తెల్లగీతల్లేవు. గాలి చూసుకునే గుడ్డ సంచి మాత్రం మా అత్త పట్టుబట్టి కట్టించుకుంది. వీధి వీధినా దురాయి చాటించారు. మొదట దొరికింది ఎవరనుకున్నారు? మా ఆయనే. డ్యూటీ నుంచి వస్తూ అడ్డదారిన బూట్లతో దాని మీద నడిచాడు. కన్నకొడుకని కూడా చూడకుండా మా అత్త కొబ్బరికాయ కక్కించింది. ఆ తర్వాత మగవాళ్ళంతా చుట్టూ తిరిగి పోవడం నేర్చుకున్నారు.

వేట మళ్ళీ మొదలై మొదటి నెత్తళ్ళు పడ్డ రోజు ఆనందకుమారి జీపులో వచ్చింది. జీపును దూరాన ఆపించి నడిచి వచ్చింది. చప్టా అంచుకొచ్చి ఆగింది. చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని నిలబడింది. మేమంతా పని ఆపి చూస్తున్నాం. మా పాత దిబ్బ మీదికి కంపెనీవాళ్ళు బూట్లతో వచ్చారు, లారీలతో వచ్చారు, యంత్రాలతో వచ్చారు. అడిగి వచ్చినవాళ్ళు లేరు.

"రావచ్చా పెద్దమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

మా అత్త చేతిలో నెత్తళ్ళు అలాగే ఉండిపోయాయి. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళతోనే నా వైపు తిరిగి నన్ను ఎగాదిగా చూసి, మళ్ళీ ఆ పిల్ల వైపు తిరిగింది.

"ఉండమ్మా," అంది, "పైవాళ్ళను అడిగి చెప్తా."